ఒక వంతు మందు, యాభై వంతుల నీళ్లు: ఇంట్లో రీలు కడుక్కోవడం వెనక ఉన్న చరిత్ర



పాత పుస్తకాల్లో, మ్యూజియం గోడల మీద మన పెద్దల ఫొటోలు చూసినప్పుడు ఒక సంగతి మీరూ గమనించే ఉంటారు. తలపాగా తెల్లగా మెరుస్తుంటుంది. మెడలో పూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వెనకున్న తడిక అల్లిక కూడా తెలుస్తుంది. ముఖం మాత్రం బొగ్గు ముద్ద. కళ్లు ఎటు చూస్తున్నాయో, ఆ మనిషి నవ్వుతున్నాడో భయపడుతున్నాడో అర్థం కాదు. "అప్పటి ఫొటోలు అంతేలే" అనుకుని పేజీ తిప్పేస్తాం.

అప్పటి ఫొటోలన్నీ అంతేం కాదు. ఫొటోలో ఒక ముఖం నల్లబడిపోవడానికి మూడు కారణాలు ఉంటాయి. ఒకటి, ఆ ప్లేటుకి లేదా రీలుకి ఏ రంగులు కనబడతాయి అన్నది. రెండు, కెమెరాలోకి ఎంత వెలుగు వెళ్లనిచ్చారు అన్నది. మూడు, ఆ రీలుని ఎంత చిక్కటి మందులో, ఎంతసేపు కడిగారు అన్నది. మొదటి రెండింటి గురించి అక్కడక్కడా చదువుతుంటాం. మూడోదాని గురించి మన భాషలో రాసినవాళ్లు తక్కువ. డెవలపర్‌లో నీళ్లు ఎన్ని కలపాలి అన్న చిన్న ప్రశ్నకి నూట యాభై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఫొటో ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరి ముఖం కనబడుతుంది అన్న పెద్ద ప్రశ్న కూడా అందులోనే ఉంది. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

1. అసలు ఈ మందు ఏం చేస్తుంది?

మన ఊళ్లలో స్టూడియోకి వెళ్లి "రీలు కడిగించడం" అనేవాళ్లు కదా. ఆ మాట చాలా సరైన మాట. బ్లాక్ అండ్ వైట్ రీలు మీద జెలటిన్ పూత ఉంటుంది. దాంట్లో వెండి లవణాల గింజలు, కంటికి కనబడనంత సన్నగా, కోట్లల్లో ఉంటాయి. కెమెరా మీట నొక్కినప్పుడు వెలుగు తగిలిన గింజల్లో చిన్న మార్పు వస్తుంది. ఆ మార్పు మనకి కనబడదు. డెవలపర్ అనే మందులో ముంచితే ఆ గింజలు నల్లటి వెండిగా మారతాయి. వెలుగు ఎక్కువ తగిలిన చోట ఎక్కువ నలుపు, తక్కువ తగిలిన చోట తక్కువ నలుపు. తర్వాత హైపోలో ముంచితే మిగిలిన లవణం కరిగిపోతుంది. అదే నెగటివ్.

కనబడని బొమ్మని మందుతో బయటికి తేవచ్చని 1840లో ఇంగ్లండ్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ కనుక్కున్నాడు. కాగితం మీద గాలిక్ ఆమ్లంతో బొమ్మ తేల్చాడు. 1841లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా బొమ్మ పూర్తిగా కనబడేవరకూ కాగితాన్ని గంటల తరబడి ఎండలో ఉంచాల్సి వచ్చేది. మందు వచ్చాక క్షణాల్లో, నిమిషాల్లో ఫొటో తీయడం సాధ్యమైంది. అంటే ఫొటోగ్రఫీలో సగం పని కెమెరాది, సగం పని మందుది. ఈ రెండో సగం ఎవరి చేతిలో ఉంది అన్నదే తర్వాతి కథంతా.

2. గుడారం మోసుకు తిరిగిన కాలం

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతి చెప్పాడు. గాజు పలక మీద కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, తడి ఆరకముందే కడిగేయాలి. అందుకని ఫొటో తీసేవాడు ఎక్కడికి పోయినా చీకటి గుడారం, సీసాలు, గాజు పలకలు, నీళ్లు వెంట ఉండాల్సిందే. మన దేశపు ఎండల్లో ఆ పని ఇంకా కష్టం. వేడికి మందు మరీ తొందరగా పనిచేసి పలకంతా మసకబారిపోయేది. అందుకే ఎండాకాలంలో మందులో ఆమ్లం పాలు పెంచి దాని వేగాన్ని తగ్గించుకునేవాళ్లు. మందు బలం మార్చి బొమ్మని అదుపు చేయడం అన్నది అప్పటికే మొదలైందన్నమాట.

సరిగ్గా ఈ కాలంలోనే బ్రిటిష్ ప్రభుత్వం ఈ దేశంలో ఉన్న జనాల్ని ఫొటోల్లో పోగుచేసింది. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే కలిసి తెచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చింది. నాలుగు వందలకు పైగా ఫొటోలు. 1857 తిరుగుబాటు తర్వాత పాలించేవాళ్లకి జనాన్ని గుర్తుపట్టి, వర్గాలుగా విడదీసి పెట్టుకోవాల్సిన అవసరం వచ్చింది. ఫొటో కింద చాలావరకు మనిషి పేరు ఉండదు, తెగ పేరో కులం పేరో ఉంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. కొలోడియన్ పలకకి నీలం, ఊదా వెలుగు మాత్రమే తెలుసు. ఎరుపు, పసుపు దానికి దాదాపు కనబడవు. గోధుమ రంగు చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ. కాబట్టి ఆ చర్మం ఆ పలక మీద ఉన్నదానికంటే చాలా నల్లగా పడుతుంది. నీలం పూసలు తెల్లగా, ఎర్ర పూసలు నల్లగా పడతాయి. తెల్లవాళ్ల ముఖాల మీది ఎర్రటి మచ్చలు కూడా ఆ ఫొటోల్లో నల్లగానే కనబడతాయి. అంటే ఆ నలుపు మన తాతలది కాదు, ఆ పలక గుడ్డితనం. "మీవాళ్లు అప్పట్లో ఇంత నల్లగా ఉండేవాళ్లా?" అని ఎవరైనా అడిగితే ఈ జవాబు చెప్పండి.

1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ జెలటిన్ పొడి పలక గురించి రాశాడు. 1880ల నాటికి ఆ పలకలు ఫ్యాక్టరీల్లో తయారై అమ్మకానికి వచ్చాయి. గుడారం అవసరం తీరింది. ఫొటో ఇక్కడ తీసి, తీరిగ్గా ఇంటికెళ్లాక కడుక్కోవచ్చు. మన దగ్గర ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్ దయాల్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టింది ఈ పొడి పలకల కాలంలోనే. 1873లోనే జర్మనీలో హెర్మన్ ఫోగెల్ రంగుల అద్దకం కలిపి పలకకి ఆకుపచ్చ కూడా కనబడేలా చేశాడు. ఎరుపు మాత్రం ఇంకా చాలాకాలం కనబడలేదు. అన్ని రంగులూ చూడగలిగే పాన్‌క్రొమాటిక్ పలకలు ఇంగ్లండ్‌లో 1906లో అమ్మకానికి వచ్చాయి.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి తెచ్చిన 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' ఏడు సంపుటాలు 1909లో అచ్చయ్యాయి. థర్‌స్టన్ తలల కొలతలు, ముక్కుల కొలతలు తీసుకుంటూ తిరిగినవాడు. అలాంటి పనికి ఫొటోలో నగలు, బట్టలు, ఒడ్డూపొడుగూ తెలిస్తే చాలు. ముఖంలో భావం కనబడకపోయినా వాళ్ల పని ఆగదు. కావాలనే ముఖాలు నల్లగా చేశారని మేం అనడం లేదు. ముఖం కోసం అదనంగా కష్టపడాల్సిన అవసరం ఆ పనిలో లేదు అంటున్నాం.

3. 1888, 1891: రెండు దారులు

పొడి పలకల రోజుల్లో కడగడం అంటే కంటి లెక్క. ఎర్ర దీపం కింద పళ్లెంలో పలక పెట్టి, బొమ్మ తేలుతుంటే చూస్తూ, ఇక్కడో చుక్క క్షారం, అక్కడో చుక్క బ్రోమైడ్, కాసిని నీళ్లు కలుపుతూ పోయేవాళ్లు. వాడే మందు ఎక్కువగా పైరోగాలాల్. దాంతో వేళ్లు, గోళ్లు నల్లగా మారిపోయేవి. ప్రతిసారీ నాలుగైదు పొడులు తూచుకోవాలి. తక్కెడ ఉండాలి, కొంచెం కెమిస్ట్రీ తెలియాలి. డబ్బూ తీరికా ఉన్నవాళ్ల పని అది.

1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కోడక్ కెమెరా తెచ్చాడు. నూరు ఫొటోల రీలుతో 25 డాలర్లు. తీయడం అయ్యాక కెమెరాని అలాగే రోచెస్టర్‌లోని కంపెనీకి పంపాలి. వాళ్లు 10 డాలర్లు తీసుకుని కడిగి, ఫొటోలు అచ్చేసి, కొత్త రీలు వేసి పంపుతారు. మీట నొక్కడం నీ పని, మిగతాదంతా మా పని అన్న పద్ధతి. దాంతో లక్షల మంది ఫొటోలు తీయగలిగారు. కాకపోతే ఆ రెండో సగం పని ఇంటి నుంచి వెళ్లిపోయి కంపెనీ చేతికి చేరింది.

మూడేళ్లకి జర్మనీలో రెండో దారి తెరుచుకుంది. బెర్లిన్‌లోని ఆగ్ఫా కంపెనీలో మోమ్మే ఆండ్రెసెన్ అనే రసాయనవేత్త పారా-అమినోఫినాల్‌తో ఒక చిక్కటి ద్రవం తయారుచేశాడు. 1891లో పేటెంటు వచ్చింది. పేరు రోడినాల్. దాని గొప్పతనం ఏంటంటే, తూచాల్సిన పని లేదు. చిన్న సీసాలో ఉంటుంది. ఒక వంతు రోడినాల్‌కి 25 వంతుల నీళ్లు, లేదా 50 వంతుల నీళ్లు కలిపితే డెవలపర్ తయారు. వాడేసి పారబోయడమే. సగం సీసా వాడి మూతపెట్టినా చాలాకాలం పాడవదు. కొలగ్లాసు, నీళ్లు ఉంటే చాలు, ఎవరైనా ఇంట్లో కడుక్కోవచ్చు. డెవలపర్‌ని నీళ్లతో పలచన చేయడం అన్నది మామూలు జనం చేతికి వచ్చింది ఇక్కడే.

ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే మిగతా సరంజామా కూడా సమకూరింది. హైడ్రోక్వినోన్ డెవలపర్‌గా పనికొస్తుందని 1880లో ఇంగ్లండ్‌లో విలియం ఆబ్నీ చూపించాడు. మెటాల్ 1891లో జర్మనీలో వచ్చింది. తర్వాత వందేళ్లు ప్రపంచంలోని స్టూడియోలన్నీ ఎక్కువగా ఈ రెండింటి మీదే నడిచాయి.

1890లో ఇంకో మలుపు. ఇంగ్లండ్‌లో విడ్నెస్ అనే ఊళ్లో రసాయన పరిశ్రమలో పనిచేసే ఫెర్డినాండ్ హర్టర్, వెరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు స్నేహితులు, తీరిక వేళల్లో చేసిన కొలతల్ని ప్రచురించారు. కడిగే సమయం పెరిగేకొద్దీ నెగటివ్‌లో తెలుపూ నలుపుల మధ్య తేడా పెరుగుతుందని, ఇది అదృష్టం మీదో చేతివాటం మీదో ఆధారపడేది కాదని, సమయం, వేడి, మందు బలం చూసి ముందే లెక్క కట్టొచ్చని వాళ్ల పనితో తేలింది. తర్వాత పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ వచ్చాక ఎర్ర దీపం కూడా పనికిరాలేదు, పూర్తి చీకటిలోనే కడగాలి. అప్పుడు ఈ లెక్కే దిక్కైంది. ఈ రోజు మనం థర్మామీటరు, గడియారం పెట్టుకుని కడుగుతున్నామంటే అది వాళ్ల చలవే.

4. డీ-76: అందరికీ తెలిసిన రహస్యం

1925లో లైకా కెమెరా అమ్మకానికి వచ్చాక 35 మిల్లీమీటర్ల సన్న రీలు ఫొటోగ్రాఫర్ల చేతికి చేరింది. నెగటివ్ చిన్నది, దాన్ని పెద్దది చేసి అచ్చేస్తే గింజలు ఇసుక చల్లినట్టు కనబడతాయి. సన్న గింజ ఇచ్చే మందు కావాలి. 1920ల చివర్లో కోడక్‌లో జాన్ క్యాప్‌స్టాఫ్ సినిమా రీళ్ల కోసం చేసిన డీ-76 ఆ పనికి సరిగ్గా సరిపోయింది. దాని లెక్క ఇది, ఒక లీటరుకి:

మెటాల్ 2 గ్రాములు
సోడియం సల్ఫైట్ 100 గ్రాములు
హైడ్రోక్వినోన్ 5 గ్రాములు
బోరాక్స్ 2 గ్రాములు
నీళ్లు కలిపి మొత్తం 1 లీటరు

ఈ లెక్కని దాచిపెట్టలేదు, పుస్తకాల్లో అచ్చయింది. ఇల్‌ఫోర్డ్ కంపెనీ ఐడీ-11 పేరుతో అమ్మేదీ ఇదే. తక్కెడ ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు. ఒక చిన్న కిటుకు: మెటాల్ చిక్కటి సల్ఫైట్ నీళ్లలో కరగదు. కాబట్టి ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్, అది కరిగాకే మిగతా సల్ఫైట్, ఆ తర్వాత హైడ్రోక్వినోన్, బోరాక్స్.

ఇక్కడ సల్ఫైట్ రెండు పనులు చేస్తుంది. మందు గాలికి పాడవకుండా కాపాడుతుంది. అంత ఎక్కువ పాళ్లలో ఉండటం వల్ల వెండి గింజల అంచుల్ని కొంచెం కరిగించి నునుపు చేస్తుంది. ఇప్పుడు ఒక వంతు మందుకి ఒక వంతు నీళ్లు కలిపితే లీటరుకి 50 గ్రాముల సల్ఫైటే మిగులుతుంది. ఒకటికి మూడు కలిపితే 25 గ్రాములే. అంచులు కరగడం తగ్గుతుంది. గింజ కొంచెం పైకి తేలుతుంది గానీ బొమ్మ పదునెక్కుతుంది. నీళ్లు పోయడం అంటే ఖర్చు తగ్గించుకోవడం మాత్రమే కాదు, బొమ్మ స్వభావం మార్చడం కూడా. చిక్కటి అంబలి, పలచటి అంబలి ఒకే పిండితో చేసినా నోటికి వేరుగా తగులుతాయి కదా, అలాగన్నమాట.

5. నీళ్లు పోస్తే ముఖం ఎలా కనబడుతుంది?

ఈ పోస్టులో అసలు చెప్పాలనుకున్నది ఇదే. మిట్ట మధ్యాహ్నం ఎండలో తెల్ల పంచె, తెల్ల తలపాగా కట్టుకున్న మన తాతని ఊహించుకోండి. తలపాగా నీడ ముఖం మీద పడింది. బట్ట మీద పడి వచ్చే వెలుగు ఎంతో ఎక్కువ, ముఖం నుంచి వచ్చేది ఎంతో తక్కువ. రీలు మీద బట్ట పడిన చోట చాలా గింజలు మేల్కొన్నాయి, ముఖం పడిన చోట కొన్నే.

చిక్కటి మందులో ముంచితే రెండు చోట్లా మందు దండిగా ఉంది. బట్ట పడిన చోటు గబగబా నల్లబడి గోడలా తయారవుతుంది. ఆ గోడని చూసి భయపడి త్వరగా తీసేస్తే ముఖం పూర్తిగా తేలదు. ముఖం కోసం ఆగితే బట్టలో మడతలు కూడా మిగలవు.

పలచటి మందులో కథ మారుతుంది. మందు జెలటిన్‌లోకి ఇంకి పనిచేస్తుంది. బట్ట పడిన చోట పని ఎక్కువ కాబట్టి అక్కడున్న కొంచెం మందూ తొందరగా అయిపోతుంది. కదపకుండా ఉంచితే కొత్త మందు వెంటనే రాదు. అక్కడ పని నెమ్మదిస్తుంది. ముఖం పడిన చోట పని తక్కువ, మందు ఇంకా మిగిలే ఉంటుంది, అక్కడ పని సాగుతూనే ఉంటుంది. అలా ఎక్కువ సమయంలో బట్ట ఆగి, ముఖం అందుకుంటుంది. నెగటివ్‌లో రెండూ మిగులుతాయి. రోడినాల్ 1+100 కలిపి గంటసేపు దాదాపు కదపకుండా వదిలేసే పద్ధతి కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది.

అయితే మాయలు ఆశించొద్దు. కెమెరాలోకి ముఖం నుంచి వెలుగే రాకపోతే ఏ మందూ దాన్ని పుట్టించలేదు. అందుకే పాతకాలం నుంచి ఫొటోగ్రాఫర్లు చెప్పే మాట ఒకటుంది: నీడని చూసి వెలుగు లెక్క పెట్టు, తెలుపుని చూసి కడిగే లెక్క పెట్టు. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ ఈ మాటనే జోన్ సిస్టమ్ అనే పద్ధతిగా పాఠాల్లో పెట్టారు. మన మాటలో చెప్పాలంటే, ముందు ముఖానికి సరిపడా వెలుగు ఇవ్వు, తర్వాత పలచటి మందుతో తలపాగాని కాపాడుకో.

కాబట్టి నల్ల చర్మం ఫొటోలో సరిగా రాదు అన్న మాట అబద్ధం. తెల్ల బట్టకి లెక్క కట్టి, ముఖాన్ని వదిలేస్తే రాదు. ముఖానికి లెక్క కడితే వస్తుంది.

ఇంకో మాట. మనం పుస్తకాల్లో చూసేది నెగటివ్ కాదు, నెగటివ్ నుంచి కాగితం మీదికి, కాగితం నుంచి చుక్కల అచ్చులోకి వచ్చిన బొమ్మ. ఒక్కో మెట్టులో నీడలో ఉన్నది కొంత పోతుంది. అచ్చులో సిరా పూసుకుపోయి ముఖం మరీ నల్లబడుతుంది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ 1940ల్లో నిజాం రాజ్యంలో చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల మధ్య ఉండి పుస్తకాలు రాశాడు. చెంచుల మీది పుస్తకం 1943లో, కొండరెడ్ల మీదిది 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీదిది 1948లో వచ్చాయి. మార్లవాయితో ఆయనకున్న బంధం మనలో చాలామందికి తెలిసిందే. ఆయన తీసిన వేల ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. పుస్తకంలో నల్లగా కనబడ్డ ముఖం నెగటివ్‌లోనూ అలాగే ఉంటుందనుకోకూడదు. పాత నెగటివ్‌ని ముఖానికి లెక్క కట్టి మళ్లీ స్కాన్ చేస్తే, అచ్చులో పోయిన కళ్లు, నవ్వు తిరిగి రావచ్చు. మన పెద్దల ఫొటోల కాపీలు అడిగేటప్పుడు పుస్తకం పేజీ కాదు, నెగటివ్ నుంచి తీసిన స్కాన్ కావాలని అడగాలి. ఇది మనం గట్టిగా అడగాల్సిన విషయం.

6. మన ఇంట్లో, మన నీళ్లతో

ఇప్పుడు చేతిపని. మేం కొందరం పాత ఫిల్మ్ కెమెరాలతో తీసి, హాస్టల్ సెలవుల్లో ఇంట్లో కడుగుతున్నాం. డార్క్ రూమ్ అక్కర్లేదు. వెలుగు చొరని నల్ల సంచిలో చేతులు పెట్టి రీలుని ట్యాంకులోకి ఎక్కిస్తే, మిగతాది వెలుతురులోనే చేయొచ్చు.

ముందు లెక్క అర్థం చేసుకోండి. 1+1 అంటే ఒక వంతు మందు, ఒక వంతు నీళ్లు. అర లీటరు కావాలంటే 250 మి.లీ. మందు, 250 మి.లీ. నీళ్లు. 1+3 అంటే 125 మందు, 375 నీళ్లు. మొత్తం నాలుగు వంతులు, మూడు కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. రోడినాల్ 1+50 అంటే అర లీటరుకి సుమారు 10 మి.లీ. మందు.

ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలుకి, 400 వేగంతో తీసినప్పుడు, 20 డిగ్రీల దగ్గర ఆ కంపెనీ ఇచ్చే సమయాలు చూడండి:

ఐడీ-11 నీళ్లు కలపకుండా: ఏడున్నర నిమిషాలు
ఐడీ-11 1+1: 13 నిమిషాలు
ఐడీ-11 1+3: 20 నిమిషాలు
రోడినాల్ 1+25: 6 నిమిషాలు
రోడినాల్ 1+50: 11 నిమిషాలు

గమనించారా, నీళ్లు రెట్టింపైతే సమయం సరిగ్గా రెట్టింపు కాదు. అందుకే ఊహించి పోయకండి, పట్టిక చూసి చేయండి.

ఈ లెక్కలన్నీ 20 డిగ్రీలకి. అది చల్లటి దేశాల గది వేడి. మన దగ్గర ఏప్రిల్‌లో ట్యాంకు నీళ్లు 30 దాటతాయి. వేడి పెరిగితే మందు తొందరపడుతుంది. 20 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు పట్టేది 24 డిగ్రీల దగ్గర సుమారు 7 నిమిషాల్లో అయిపోతుంది. ఇంకా వేడైతే మూడు, నాలుగు నిమిషాలే. అయిదు నిమిషాల కంటే తక్కువైతే మందు రీలంతా సమంగా పట్టదు, మరకలు, చారలు వస్తాయి. ఇక్కడే నీళ్లు మనకి సాయం. చిక్కటి మందు వాడితే మూడు నిమిషాలయ్యే చోట, 1+3 వాడితే చేతికి తీరిక దొరుకుతుంది. వేడి దేశంలో పలచన అనేది పొదుపు ఒక్కటే కాదు, అదుపు కూడా.

మేం చేసేది ఇలా. మందు సీసా, కలిపే నీళ్లు, హైపో, మూడింటినీ పెద్ద బేసిన్ నీళ్లలో పెడతాం. అందులో పాలిథిన్ కవర్లో కట్టిన ఐస్ ముక్కలు వేస్తాం. ఐస్ నేరుగా మందులో వేస్తే కరిగి లెక్క తప్పుతుంది, అందుకే కవర్. 24 డిగ్రీలకి వచ్చాక మొదలుపెడతాం. ఐస్ దొరకని ఊళ్లో కొత్త కుండలో రాత్రంతా పెట్టిన నీళ్లు, తెల్లవారుజామున కడగడం, ఈ రెండూ చాలా మేలు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే మందు కలపడానికి, చివరి కడుగుడికి కాచి చల్లార్చి వడగట్టిన నీళ్లో, ఫిల్టర్ నీళ్లో వాడండి. లేకపోతే ఆరిన నెగటివ్ మీద తెల్ల చుక్కలు మిగులుతాయి.

పలచన చేసేటప్పుడు ఇంకో జాగ్రత్త. నీళ్లు ఎన్ని పోసినా, ఆ రీలు మొత్తానికి సరిపడా అసలు మందు ట్యాంకులో ఉండాలి. 36 ఫొటోల రీలు ఒక్కటి డీ-76 1+1లో కడగాలంటే సుమారు అర లీటరు ద్రావణం పెట్టుకోండి. ట్యాంకు చిన్నదని మూడొందల మి.లీ.తో సరిపెడితే మందు తక్కువపడి బొమ్మ పలచగా వస్తుంది. పలచన చేసిన మందు ఒక్కసారికే. దాచుకుని మళ్లీ వాడకూడదు.

ఆరోగ్యం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మెటాల్ కొందరి చర్మానికి పడదు, దురద, పుండ్లు వస్తాయి. చేతికి తొడుగులు వేసుకోండి. పొడి తూచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. రోడినాల్ ఘాటైన క్షారం, కంటికి తగలనివ్వొద్దు. వంటగిన్నెలు, తాగే గ్లాసులు ఈ పనికి అసలు వాడొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే సీసాల మీద పేరు రాసి ఎత్తున పెట్టండి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, అది చేపలకి విషం. వాగులో, చెలమలో, బావి దగ్గర పారబోయొద్దు. డబ్బాలో పోగుచేసి, పట్నంలో ఎక్స్‌రే ఫిల్మ్‌ల నుంచి వెండి తీసేవాళ్లకి ఇవ్వండి.

7. కంపెనీలు పోయినా లెక్క మిగిలింది

మన దేశం కూడా ఒకప్పుడు సొంతంగా రీళ్లు తయారుచేసింది. నీలగిరుల్లో ఊటీ దగ్గర హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1960లో ఏర్పడింది. 1967లో ఉత్పత్తి మొదలైంది. 'ఇందు' పేరుతో బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, కాగితం, ఎక్స్‌రే ఫిల్మ్ చేసింది. చల్లటి, దుమ్ములేని గాలి ఈ పనికి మంచిదని ఆ కొండల్ని ఎంచుకున్నారు. ఆ కొండలు తోడాలు, కోటాలు, కురుంబలు, ఇరుళలు ఉన్న నేల అన్నది మనం మర్చిపోకూడదు. తర్వాత రంగు ఫొటోలు, ఆపైన డిజిటల్ వచ్చి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జర్మనీలో ఆగ్ఫాఫొటో 2005లో దివాలా తీసింది. కోడక్ 2012లో దివాలా రక్షణ కోరింది.

కానీ చూడండి, కంపెనీ పోయినా రోడినాల్ పోలేదు. పేటెంటు కాలం ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇతరులు చేస్తూనే ఉన్నారు. డీ-76 లెక్క అందరి దగ్గరా ఉంది. రాసిపెట్టి, పదిమందికీ చెప్పిన విద్య అలా నిలబడుతుంది. ఒక కంపెనీ గోదాములోనో, ఒక ఆఫీసు బీరువాలోనో దాచిన విద్య తలుపు మూసినరోజే పోతుంది. మన భాషలు, మన వంశ కథలు, మన మందుమాకుల జ్ఞానం విషయంలో కూడా ఇదే పాఠం.

"ఫోన్‌లో క్షణంలో ఫొటో వస్తుంటే ఈ తిప్పలెందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్ వదిలేయమని మేం చెప్పడం లేదు. కానీ ఫోన్ కూడా ముఖానికీ బట్టకీ మధ్య లెక్క కడుతుంది. ఆ లెక్క ఎవరో ఎక్కడో రాసి లోపల పెట్టారు, మనకి కనబడదు. కొన్ని ఫోన్లు మన చర్మాన్ని అడక్కుండానే తెల్లగా చేసేస్తాయి. అప్పట్లో పలక నల్లగా చేసింది, ఇప్పుడు ఫోన్ తెల్లగా చేస్తోంది. రెండిట్లోనూ మన రంగు మనది కాదు. ఒక్క రీలు చేత్తో కడిగి చూసినవాళ్లకి ఆ లెక్క ఎక్కడ జరుగుతుందో తెలుస్తుంది. ఆ తర్వాత ఏ ఫొటోనైనా వేరే కళ్లతో చూస్తారు.

చివరగా ఒక మనవి. మీ ఇళ్లల్లో, ఆశ్రమ పాఠశాలల బీరువాల్లో, ఊళ్లోని పాత స్టూడియోల్లో నెగటివ్‌లు ఉంటే పారేయనివ్వకండి. ఎండకీ తేమకీ దూరంగా, కాగితం కవర్లలో పెట్టండి. వేలిముద్రలు పడకుండా అంచులు పట్టుకోండి. అందులో ఉన్న మనిషి పేరు, ఊరు, గోత్రం, పెద్దల్ని అడిగి ఇప్పుడే కవరు మీద రాయండి. పాత పుస్తకాల్లో తెగ పేరు రాసి మనిషి పేరు వదిలేశారు. మన దగ్గరున్న ఫొటోల కింద మనిషి పేరు ఉండాలి.

రీలు కడగడం నేర్చుకోవాలనుకునేవాళ్లు కింద రాయండి. ఏ జిల్లా, ఏ హాస్టల్, మీ దగ్గర ఏ కెమెరా ఉందో చెప్పండి. ట్యాంకు, నల్ల సంచి ఒకరి నుంచి ఒకరికి అందించుకుందాం. మందు మేం కలిపి చూపిస్తాం, నీళ్లు మీ ఊరివి.

జై జోహార్.